గర్వించి పడిపోయిన రాజుల మీద బైబిలు పాఠం: గంటలో చెప్పేలా ఎలా సిద్ధం చేసుకోవాలి

సండే స్కూల్లోనో, యవ్వనస్థుల కూడికలోనో, ఇంటి కూటంలోనో గర్వం మీద పాఠం చెప్పాల్సి వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు రెండు. "నెబుకద్నెజరు కథ అందరికీ తెలిసిందే, కొత్తగా ఏం చెప్పాలి?" అనేది ఒకటి. "చెప్పినంతసేపూ తలలూపుతారు, కానీ ఎవరికీ తగలదు, ఎందుకని?" అనేది రెండోది.

రెంటికీ కారణం ఒకటే. పాఠాన్ని రాజు పడిపోయిన చోట మొదలుపెడుతున్నాం. బబులోను రాజు నెబుకద్నెజరు పశువులా గడ్డి మేశాడు, యూదా రాజు ఉజ్జియా నుదుట కుష్ఠు పుట్టింది, హేరోదు పురుగులు పడి చచ్చాడు. వినడానికి ఇదంతా రక్తి కడుతుంది. కానీ గడ్డి మేసిన రాజులో తనను చూసుకునే శ్రోత ఎవరూ ఉండరు. బైబిలును తెరిచి లెక్కపెట్టండి: హేరోదు చావుకు ఒక్క వచనం, నెబుకద్నెజరు పతనానికి 3 వచనాలు. అధ్యాయంలో మిగతాదంతా అంతకు ముందు అతనికి ఏం దొరికింది, ఎవరు హెచ్చరించారు, అతను ఏమన్నాడు అన్నదే. మనవాళ్లకు తగిలే సంగతి ఉన్నది అక్కడే. కింది పద్ధతి ఆ ముందు భాగం మీద పాఠం కట్టడానికి.

ఏమేం కావాలి

- మీరు మామూలుగా చదివే బైబిలు. దానితోపాటు వాడుక భాషలో ఉన్న మరో అనువాదం. పాత అనువాదంలో పొడవైన వాక్యాలు వచ్చిన చోట ఎవరు ఎవరితో అంటున్నారో తేల్చుకోవడానికి రెండోది పనికొస్తుంది.
- వాక్యభాగం రాసుకున్న కాగితం. ఫోన్లో చదివితే సరిపోదు. గీతలు గీయాలి, పక్కన రాసుకోవాలి.
- 3 రంగుల పెన్సిళ్లు.
- సిద్ధపాటుకు సుమారు 3 గంటలు, రెండు విడతలుగా. మొదటి విడతలో చదవడం, గుర్తులు పెట్టడం. రెండో విడత కనీసం ఒక రోజు తర్వాత, ప్రశ్నలు రాయడానికి. ఒకే రాత్రి కూర్చుని చేస్తే పాత ప్రసంగాల్లో విన్నదే మళ్లీ కాగితం మీదికి వస్తుంది.
- పాఠానికి 60 నిమిషాలు. 8 నుంచి 12 మంది ఉంటే చర్చ బాగా సాగుతుంది. 15 మంది దాటితే రెండు గుంపులు చేయండి.

వ్యాఖ్యాన గ్రంథాలు చివర్లో చూడండి, మొదట్లో వద్దు.

1. ఒక్క రాజునే ఎంచుకోండి

ఫరో నుంచి హేరోదు దాకా అందర్నీ ఒకే గంటలో చుట్టబెడితే ఎవరి గురించీ ఏమీ చెప్పినట్టు కాదు. గుంపును బట్టి ఒకణ్ణి తీసుకోండి.

చిన్నపిల్లలకు నెబుకద్నెజరు (దానియేలు 4). పెద్ద చెట్టు కల ఉంది, బొమ్మ గీయించవచ్చు, చివరికి రాజు తిరిగి కోలుకుంటాడు కూడా.

యవ్వనస్థులకు సొలొమోను కొడుకు రెహబాము (1 రాజులు 12). పెద్దల సలహా, తోటివాళ్ల సలహా, రెండూ పక్కపక్కనే ఉంటాయి. "నా చిటికెన వ్రేలు నా తండ్రి నడుముకంటె" లావు అనమని తోటివాళ్లు నేర్పిస్తారు. ఫలితంగా 10 గోత్రాలు చేజారతాయి.

సంఘంలో బాధ్యతలున్నవాళ్లకు, పాటలు నడిపించేవాళ్లకు, బోధించేవాళ్లకు ఉజ్జియా (2 దినవృత్తాంతములు 26). ఇంతకన్నా సూటిగా వాళ్లకు తగిలే అధ్యాయం దొరకడం కష్టం. ఎందుకో 4వ మెట్టులో చూద్దాం.

పొగడ్తలు వచ్చే పనుల్లో ఉన్నవాళ్లకు హేరోదు (అపొస్తలుల కార్యములు 12:20-24). తప్పు చేసి ఒప్పుకున్నట్టే ఒప్పుకుని తప్పించుకునే అలవాటు మీద మాట్లాడాలంటే ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు (1 సమూయేలు 15).

లూసిఫరు, సాతాను పతనం అంటూ యెషయా 14తో మొదలుపెట్టాలని చాలామందికి ఉంటుంది. మొదటి పాఠానికి అది వద్దు. కారణం పొరపాట్ల దగ్గర చెప్తాను.

2. వాక్యభాగం హద్దులు సరిగ్గా వేసుకోండి

దానియేలు 4ను 28వ వచనం నుంచి చదివించడం బాగా అలవాటైన తప్పు. అధ్యాయం మొదటి మూడు వచనాలు వదిలేస్తే అసలు ఇది ఏమిటో తెలియదు. ఇది రాజు తన ప్రజలకు రాసిన ప్రకటన. తన సిగ్గుచేటు సంగతిని తనే నలుగురికీ చెప్పుకుంటున్నాడు. కల చెప్పేటప్పుడు "నేను" అంటాడు. బుద్ధి పోయిన భాగం వచ్చేసరికి కథ "అతడు" అని నడుస్తుంది. 34వ వచనంలో కండ్లెత్తి ఆకాశం వైపు చూసినప్పుడు "నేను" తిరిగి వస్తుంది. 28వ వచనంతో మొదలుపెడితే ఇదంతా పోతుంది.

హద్దులు ఇలా పెట్టుకోండి: నెబుకద్నెజరుకు దానియేలు 4:1-37 మొత్తం. ఉజ్జియాకు 2 దినవృత్తాంతములు 26:1-23 మొత్తం. సౌలుకు 1 సమూయేలు 15:1-31, దానికి ముందు 9:21, 10:22. హేరోదుకు అపొస్తలుల కార్యములు 12 మొత్తం మీరు చదవాలి, గుంపుతో 20-24 చదివించాలి. యాకోబును చంపించినవాడు, కావలివాళ్లను శిక్షించినవాడు ఇతనేనని తెలియకుండా 20వ వచనం దగ్గర మొదలుపెడితే సగం బరువు పోతుంది.

3. మూడు రంగులతో గుర్తులు పెట్టండి

ఈ మెట్టును తొందరగా దాటొద్దు. గంటసేపు పట్టినా ఫరవాలేదు.

మొదటి రంగు: రాజుకు దేవుడు ఇచ్చినవి, చేసిన సహాయం.
రెండో రంగు: రాజు నోటి మాటలు, ముఖ్యంగా "నేను", "నా".
మూడో రంగు: హెచ్చరికలు. కల, ప్రవక్త మాట, యాజకుల మాట, పక్కవాడికి జరిగింది, ఏదైనా.

దానియేలు 4:30 మీద చేసి చూద్దాం. రాజు తన నగరంలో తిరుగుతూ, ఈ మహా బబులోనును నా బలంతో, నా ఘనత కనపడడానికి నేను కట్టించాను కదా అంటాడు. రెండో రంగు పెన్సిలుకు ఒక్క వచనంలోనే ఎంత పని పడిందో చూడండి. ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఇందులో అబద్ధం ఎంత? కట్టించిన మాట నిజమే. క్రీ.పూ. 605 నుంచి 562 వరకు ఏలిన ఈ రాజు పేరు ముద్రించిన ఇటుకలు బబులోను శిథిలాల్లో విస్తారంగా దొరికాయి. అతను గొప్పవాడేనని దానియేలు కూడా 22వ వచనంలో ఒప్పుకుంటాడు.

మరి తప్పెక్కడ? వెనక్కి వెళ్లి 2:37-38 చదవండి. పరలోకమందున్న దేవుడు నీకు రాజ్యాన్ని, అధికారాన్ని, బలాన్ని, ఘనతను ఇచ్చాడని దానియేలు అప్పుడే చెప్పాడు. 4:30లో బలం, ఘనత మళ్లీ వస్తాయి, ఇచ్చినవాడు మాత్రం కనపడడు. చేసిన పని నిజం, చెప్పిన లెక్కలో ఒక పేరు గల్లంతు. ఇది తెలిశాక మీ శ్రోతకు తన గురించి ఆలోచించుకునే వీలు దొరుకుతుంది. గడ్డి మేసిన సంగతి ఎంత వర్ణించినా ఆ వీలు రాదు.

మూడో రంగు దగ్గర 27, 29 వచనాలు కలిపి చూడండి. 27లో దానియేలు చేతిలో పెట్టిన సలహా ఉంది: పాపాలు మాని నీతిగా నడుచుకో, బీదల మీద దయ చూపు. అది చాలా ఆచరణలో పెట్టదగిన సలహా, బీదవాళ్ల పట్ల తీరు మారాలన్న సలహా. 29లో "పండ్రెండు నెలలు" గడిచాయి. హెచ్చరిక వచ్చిన రోజే శిక్ష రాలేదు. దేవుడు ఏడాది గడువు ఇచ్చాడు. పాఠాల్లో ఎక్కువగా జారిపోయే వివరం ఇదే.

రంగు పడకపోతే ఏం చేయాలి? హేరోదు భాగంలో రెండో రంగుకు పనే ఉండదు. అతను గొప్పలు పోయినట్టు ఒక్క మాటా రాయలేదు. ప్రసంగించాడు, జనం "ఇది దైవస్వరమే" అని కేకలు వేశారు, అతను ఊరుకున్నాడు. అలాంటప్పుడు ఆ ఖాళీనే గుర్తు పెట్టుకోండి, పాఠానికి అదే కేంద్రం. పక్కన 14:11-15 పెట్టండి. లుస్త్రలో జనం పౌలును, బర్నబాను దేవతలని పూజించబోతే వాళ్లు బట్టలు చింపుకుని జనంలోకి పరుగెత్తి ఆపారు. 10:25-26లో కొర్నేలి కాళ్ల మీద పడితే పేతురు లేవనెత్తాడు. ఒకే పుస్తకంలో నలుగురికి ఒకే పరీక్ష. ఊరుకున్నవాడు ఒక్కడే.

4. మలుపు వచనం పట్టుకోండి

ప్రతి రాజు కథలోనూ దారి మళ్లిన చోటు ఒకటుంటుంది. అది పతనం ఉన్న వచనం కాదు, దానికి ముందే వస్తుంది. దాన్ని ఒక్క వచనానికి కుదించండి.

ఉజ్జియా విషయంలో 26:15-16 అతుకు. అంతవరకూ ఏం జరిగిందో చూడండి. 16 ఏళ్లకే రాజయ్యాడు, 52 ఏళ్లు ఏలాడు. జెకర్యా ఉన్న దినాల్లో దేవుణ్ణి వెదికాడు. ఫిలిష్తీయులను గెలిచాడు, గోపురాలు కట్టించాడు, బావులు తవ్వించాడు. సేద్యమంటే ఇష్టపడ్డాడు. సైన్యం 3,07,500. యెరూషలేములో అంబులు, పెద్ద రాళ్లు విసిరే యంత్రాలు పెట్టించాడు. 15వ వచనం చివర: స్థిరపడేవరకు అతనికి ఆశ్చర్యకరమైన సహాయం దొరికింది. 16వ వచనం మొదట: స్థిరపడ్డాక మనస్సులో గర్వించాడు. మొదటి రంగు అంతా 15లో ఆగిపోతుంది. ఓటమి అతన్ని చెడగొట్టలేదు, గెలుపు చెడగొట్టింది.

తర్వాత అతను చేసిన పని చూడండి. విగ్రహం పెట్టలేదు, ఎవరి భార్యనూ తెచ్చుకోలేదు. దేవుని మందిరంలోకి వెళ్లి ధూపం వేయబోయాడు. పైకి చూస్తే భక్తి. కానీ ఆ పని అహరోను సంతతి యాజకులది (నిర్గమకాండము 30:7-8, సంఖ్యాకాండము 16:40). నాకు లేని హద్దు ఏముంది అనుకున్నాడు. సంఘంలో బాధ్యత ఉన్నవాళ్లకు ఈ అధ్యాయం సరిపోతుందన్నది ఇందుకే. వాళ్ల గర్వం సారా కొట్టు దగ్గర బయటపడదు, బలిపీఠం దగ్గర బయటపడుతుంది.

17-19 వచనాలను నెమ్మదిగా చదివించండి. అజర్యా, అతనితో ధైర్యవంతులైన 80 మంది యాజకులు రాజుకు అడ్డం నిలిచారు. నీది కాని పని, బయటికి వెళ్లు అన్నారు. అప్పటికి కుష్ఠు లేదు. ధూపార్తి చేతిలో ఉంది. తిరిగి వెళ్లిపోయే అవకాశం ఇంకా ఉంది. అతనికి కోపం వచ్చింది. ఆ కోపంలో ఉండగానే నుదుట కుష్ఠు పుట్టింది. వచనాల వరుస ఇది: తప్పు, హెచ్చరిక, కోపం, శిక్ష. తప్పుకు, శిక్షకు మధ్య ఉన్న ఆ రెండు మాటలను మింగేసి "ధూపం వేశాడు, కుష్ఠు వచ్చింది" అని చెప్పేస్తే పాఠం చచ్చిపోతుంది.

మిగతావాళ్ల మలుపు వచనాలు: సౌలుకు 1 సమూయేలు 15:12, తనకోసం జయసూచకం నిలబెట్టుకున్న చోటు, నెబుకద్నెజరు తర్వాతి కాలంలో బబులోనును ఏలిన బెల్షస్సరుకు దానియేలు 5:22, నెబుకద్నెజరుకు జరిగిందంతా తెలిసి కూడా మనస్సు అణచుకోలేదన్న మాట, రెహబాముకు 1 రాజులు 12:8. హామాను రాజు కాదు, అయినా తీసుకోవాలనిపిస్తే ఎస్తేరు 5:13.

5. రెండో వృత్తాంతం ఉంటే పక్కన పెట్టి చూడండి

ఉజ్జియా కథ 2 రాజులు 15:1-7లోనూ ఉంది. అక్కడ రాజు పేరే అజర్యా (యాజకుడు అజర్యా వేరు), కుష్ఠు సంగతి ఒక్క వచనం, కారణం లేదు. మరో యూదా రాజు మనష్షే సంగతి మరీ చిత్రం: 2 రాజులు 21లో అతని పశ్చాత్తాపం ఊసే లేదు, 2 దినవృత్తాంతములు 33:12-13లో బబులోనులో సంకెళ్ల మధ్య తనను తాను బహుగా తగ్గించుకుని ప్రార్థించాడు. అతని తండ్రి హిజ్కియా గర్వించాడన్న మాటా, మళ్లీ తగ్గించుకున్నాడన్న మాటా 2 దినవృత్తాంతములు 32:25-26లోనే స్పష్టంగా ఉన్నాయి. బబులోను రాయబారులకు ఖజానా అంతా చూపించిన కథకు 2 రాజులు 20 చూడండి. ఈ తేడాలు గుంపులో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, ముందే చదువుకుని వెళ్లండి.

6. తగ్గించుకున్నాడా, తగ్గాడా? తేల్చండి

"నేను పాపము చేసితిని" అన్న మాట బైబిల్లో చాలామంది నోట వస్తుంది. అన్నంత మాత్రాన సరిపోదని అదే బైబిలు చూపిస్తుంది. మూడు ప్రశ్నలతో పరీక్షించండి.

ఆ మాట తర్వాత ఇంకేమన్నాడు? సౌలు 1 సమూయేలు 15:24లో పాపం చేశానని అంటూనే జనానికి భయపడ్డానంటాడు. 30వ వచనంలో మళ్లీ పాపం చేశానని, అయినా పెద్దల ముందు నన్ను ఘనపరచమని అడుగుతాడు. దావీదు 2 సమూయేలు 12:13లో ఒప్పుకున్నాక ఇంకో మాట చేర్చలేదు.

బాధ తీరాక ఏం చేశాడు? ఫరో నిర్గమకాండము 9:27లో, 10:16లో పాపం చేశానంటాడు. వడగండ్లు ఆగగానే, మిడతలు పోగానే మామూలే.

ఎవరికి చెప్పాడు? నెబుకద్నెజరు సకల జనులకు రాసి పంపాడు.

ఇక్కడ ఇశ్రాయేలు రాజు అహాబును వదలొద్దు. 1 రాజులు 21:27-29లో ఆ దుర్మార్గుడు గోనెపట్ట కట్టుకుంటే దేవుడు దాన్ని లెక్కలోకి తీసుకుని, కీడును అతని కొడుకు దినాలకు వాయిదా వేశాడు. చాలామంది బోధకులకు ఈ వచనం ఇబ్బందిగా ఉంటుంది. ఇబ్బందిగా ఉన్నా గుంపు ముందు పెట్టండి. గర్విష్ఠి మారడని తీర్పు చెప్పేసిన పాఠం కంటే ఇది మెరుగు.

7. పాఠాన్ని ఒక్క వాక్యంలో రాయండి

రాయలేకపోతే 4వ మెట్టు సరిగ్గా కాలేదని అర్థం, వెనక్కి వెళ్లండి.

పనికిరానిది: "గర్వించకూడదు." ఏ రాజు గురించైనా ఇదే చెప్పవచ్చు, కాబట్టి ఏ రాజు గురించీ చెప్పినట్టు కాదు.
పనికొచ్చేది, ఉజ్జియాకు: "సహాయం అందినంతకాలం వెదికిన దేవుణ్ణి, స్థిరపడ్డాక హద్దు పెట్టనివ్వలేదు."
బెల్షస్సరుకు: "తెలియక కాదు, తెలిసే అణచుకోలేదు."
హేరోదుకు: "తనది కాని ఘనతను వద్దనలేదు."

వాక్యంలో ఆ రాజు పేరు తీసేసి ఇంకో రాజు పేరు పెట్టి చూడండి. అతికితే వాక్యం ఇంకా వదులుగా ఉన్నట్టే.

8. ప్రశ్నలు రాయండి

7 ప్రశ్నలు చాలు. మొదటి నాలుగూ వచనంలో వేలు పెట్టి జవాబు చూపించగలిగేవి కావాలి. తర్వాత రెండు అర్థానికి. చివరిది ఒక్కటే మన జీవితానికి. ఉజ్జియాకు ఒక నమూనా:

- 1-15 వచనాల్లో అతనికి అందిన సహాయాలు ఏవేవి?
- ఎవరు ఉన్నంతకాలం దేవుణ్ణి వెదికాడు? (5వ వచనం)
- 16వ వచనంలో ఏ మార్పు వచ్చింది, ఎప్పుడు?
- యాజకులు ఏమన్నారు, రాజు ఎలా స్పందించాడు?
- ధూపం వేయడం మంచి పనే కదా, ఇక్కడ తప్పు ఎలా అయింది?
- కుష్ఠు ధూపార్తి పట్టుకోగానే రాకుండా, కోపపడినప్పుడు రావడం వల్ల మనకు ఏం తెలుస్తోంది?
- నన్ను ఆపే హక్కు ఉన్నవాళ్లు ఎవరు? చివరిసారి ఆపినప్పుడు నేనేం చేశాను?

చివరి ప్రశ్నకు జవాబు బయటికి చెప్పించకండి. కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోమనండి. నలుగురిలో చెప్పమంటే, ఎంత తగ్గించుకున్నానో చూడండన్నట్టు పోటీ మొదలవుతుంది.

9. క్రీస్తు దగ్గరికి అతుకు పడకుండా తీసుకెళ్లండి

చివర్లో హఠాత్తుగా ఫిలిప్పీయులకు 2:5-11 చదివేసి ముగించడం మామూలే. ఆ భాగం సరైనదే, దారి వేయకపోవడం తప్పు. ద్వితీయోపదేశకాండము 17:14-20 మీదుగా వెళ్లండి. రాజు గుర్రాలు, భార్యలు, వెండి బంగారాలు విస్తారం చేసుకోకూడదు. ధర్మశాస్త్రం ప్రతి తనకోసం రాసుకుని దినదినం చదవాలి. ఎందుకంటే, తన సహోదరుల మీద గర్వించకుండా ఉండడానికి (20వ వచనం). ఈ కొలతకు పాత నిబంధనలో ఏ రాజు పూర్తిగా సరిపోయాడో గుంపును అడగండి. ఆ తర్వాత లూకా 22:25-27 చదివితే, నేను మీ మధ్య పరిచర్య చేసేవాడిలా ఉన్నాను అన్న రాజు మాట దానంతటదే అందుతుంది. రెండు భాగాలకూ కలిపి 8 నిమిషాలు చాలు.

10. గంటను ఇలా పంచుకోండి

వాక్యభాగం గట్టిగా చదవడం 8 నిమిషాలు, ఇద్దరు ముగ్గురు పంచుకుని. రంగుల గుర్తులు గుంపుతో పెట్టించడం 15. మొదటి ఆరు ప్రశ్నలు 20. క్రీస్తు దగ్గరికి 8. చివరి ప్రశ్న మౌనంగా రాసుకోవడం 5. ప్రార్థన 4. చదవడానికి సమయం లేదని కథను మీ మాటల్లో చెప్పేయకండి. మీ మాటల్లో చెప్పినప్పుడు మొదట జారిపోయేవి ఆ 12 నెలలు, ఆ 80 మంది యాజకులే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

హేరోదులను కలిపేయడం. బేత్లెహేము పసివాళ్లను చంపించినవాడు మహా హేరోదు (మత్తయి 2). యోహానును చంపించినవాడు, సిలువకు ముందు యేసును విచారించినవాడు అతని కొడుకు అంతిప. కైసరయలో చచ్చినవాడు (అపొస్తలుల కార్యములు 12, మన పాఠంలోని హేరోదు) మహా హేరోదు మనవడు మొదటి అగ్రిప్ప, క్రీ.శ. 44లో. పౌలు మాటలు విన్నది రెండో అగ్రిప్ప (అపొస్తలుల కార్యములు 26). "యేసు పుట్టినప్పుడు పిల్లల్ని చంపాడు, చివరికి పురుగులు పడి చచ్చాడు" అని ఇద్దర్నీ కలిపి చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

బెల్షస్సరు తండ్రి. దానియేలు 5 నెబుకద్నెజరును అతని తండ్రి అంటుంది. బబులోను శాసనాల ప్రకారం కన్నతండ్రి నబొనిదు. పూర్వికుణ్ణి తండ్రి అనడం బైబిల్లో కొత్తేమీ కాదు. గోడ మీద రాత చదివినవాణ్ణి రాజ్యంలో "మూడవ" అధిపతిని చేస్తాననడం (5:16) కూడా, పైన నబొనిదు ఉన్నాడంటే అర్థమవుతుంది. బబులోను పడింది క్రీ.పూ. 539లో.

యెషయా 14ను నేరుగా సాతాను మీదికి తోసేయడం. 14:4 ఆ పద్యం బబులోను రాజు మీద అని పేరు పెట్టి చెప్తోంది. యెహెజ్కేలు 28 తూరు మీద. ఈ భాగాల్లో సాతాను పతనం కూడా కనిపిస్తుందని నమ్మే సంఘాలున్నాయి, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. మీ సంఘం ఏది నమ్మినా, పాఠాన్ని సాతాను దగ్గర మొదలుపెడితే శ్రోత హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు: నా గురించి కాదులే అని.

జబ్బుపడ్డవాళ్లను గర్విష్ఠులని తేల్చడం. ఇది పొరపాటు కంటే పెద్దది. నెబుకద్నెజరు కథ విన్నాక మతి చలించినవాళ్ల గురించి, ఉజ్జియా కథ విన్నాక చర్మవ్యాధి ఉన్నవాళ్ల గురించి గుసగుసలు పుడతాయి. ఆ రాజులకు కారణం ఏమిటో వాక్యమే చెప్పింది కాబట్టి మనం చెప్పగలుగుతున్నాం. మిగతావాళ్ల విషయంలో ఆ హక్కు మనకు లేదు. యోహాను 9:1-3, లూకా 13:1-5 దగ్గర పెట్టుకుని ఈ మాట పాఠంలోనే పైకి అనండి. గుంపులో ఎవరింట్లో ఏముందో మీకు తెలియదు.

ఎవరినో దృష్టిలో పెట్టుకుని పాఠం చెప్పడం. గుంపులో ఒకరితో మీకు మాట పట్టింపు ఉంటే ఈ అంశం ఆ నెల వద్దు. అధికారంలో ఉన్న నాయకుల పేర్లూ వద్దు. పేరు వినపడగానే అందరూ ఆ మనిషి గురించే మాట్లాడతారు, ఉజ్జియా మరుగున పడతాడు.

వినయమంటే నోరు మూసుకోవడమని చెప్పడం. మోషే భూమి మీద అందరికన్నా మిక్కిలి సాత్వికుడు (సంఖ్యాకాండము 12:3), ఫరో ఎదుట నిలబడినవాడూ ఆయనే. రాజును మందిరంలోంచి వెళ్లగొట్టిన 80 మంది గర్వంతో ఆ పని చేయలేదు. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషి మీ పాఠం విని "నేనే ఇంకా తగ్గాలేమో" అనుకుంటూ వెళ్తే అది పాఠం చేసిన హాని. అన్యాయాన్ని ఎదిరించడం, సహాయం అడగడం గర్వం కాదని తప్పక చెప్పండి.

తగ్గించుకుంటే హెచ్చింపు ఖాయమని బేరంలా చెప్పడం. లూకా 14:11ను పదోన్నతి మంత్రంగా వాడితే వినయం మళ్లీ ఎక్కడానికి మెట్టు అవుతుంది. హిజ్కియా తగ్గించుకున్నా, ఖజానా అంతా బబులోనుకు పోతుందన్న మాట రద్దు కాలేదు, అతని దినాల్లో రాలేదు, అంతే.

పాఠం పనిచేసిందా? ఎలా చూసుకోవాలి

పాఠం అయిన వెంటనే "బాగుంది బ్రదర్" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. అందునా ఈ అంశం మీద.

అదే రోజు ఒకటి చూసుకోండి: చర్చలో పతనం గురించి ఎంతసేపు మాట్లాడారు, దానికి ముందు జరిగినదాని గురించి ఎంతసేపు? మొదటిది ఎక్కువైతే మీ ప్రశ్నల్లో 4, 5 బలహీనంగా ఉన్నాయి. ఎవరి జవాబుల్లోనైనా "ఈ రోజుల్లో కొంతమంది" అన్న మాట పదేపదే వచ్చిందా? అంటే పాఠం ఇంకా పక్కవాడి మీదే ఉంది. తర్వాతి వారం మొదట్లో 5 నిమిషాలు అదే చివరి ప్రశ్న మళ్లీ మౌనంగా వేయండి.

వారం తర్వాత పుస్తకం మూసి మూడు అడగండి: రాజుకు ఏం దొరికింది, ఎవరు హెచ్చరించారు, హెచ్చరిక విని ఏం చేశాడు? గడ్డి, కుష్ఠు, పురుగులు మాత్రమే గుర్తుంటే 3వ మెట్టును గుంపుతో మళ్లీ చేయాలి. 12 నెలలో, 80 మందో గుర్తుంటే ఆ గుంపు వాక్యం చదివినట్టే.

మీ మీద కూడా ఒక పరీక్ష పెట్టుకోండి. చర్చలో ఎవరైనా మీరు చెప్పిన వచనం తప్పని, హేరోదు పేరు తప్పని సరిచేశారా? అప్పుడు మీ మొహం ఎలా ఉందో మీకు తెలియదు, గుంపుకు తెలుసు. "అవును, నేను తప్పు చెప్పాను, మీరు చెప్పిందే సరి" అని అక్కడికక్కడే అనేయండి, కారణాలు చెప్పకుండా.

నాలుగు వారాలు చెప్పాలనుకుంటే వరుస ఇది: సౌలు, ఉజ్జియా, నెబుకద్నెజరు, బెల్షస్సరు. చివరి ఇద్దర్నీ విడదీయకండి. దానియేలు 5:18-22లో పెద్దాయన కథనే కుర్రాడికి నేరంగా చూపిస్తారు కాబట్టి మూడో వారం రాని వాళ్లకు నాలుగో వారం సగమే అర్థమవుతుంది. అలాంటివాళ్లుంటే ముందురోజే దానియేలు 4 చదివి రమ్మని చెప్పండి.